మడికొండలో మనవరాలి కిరాయి గది

"అమ్మమ్మా, ఒక్క ముచ్చట ముందుగాలనే చెప్తాన. ఆ ఇంట్ల నన్ను షారోనని పిలువకు."

"మరేమని పిలువాలె?"

"ప్రియ అను. అది సుత నా పేరే కదా. షారోన్ ప్రియ."

"నువ్వు పుట్టిన కాడ్నుంచి నా నోట్లె ఒక్కటే పేరు తిరిగింది. ఇయ్యాల మారుమంటె మారుతదా?"

"మూడు నాలుగు రోజులే కదనే. జర ఓర్సుకో."

"ఎవలిల్లే అది? కిరాయి కడ్తానవా, ఊకె ఉంటానవా?"

"కడ్తాన."

"కిరాయి కట్టుకుంట పేరు దాసుకునుడేంది?"

"నీకు సమజ్ కాదమ్మమ్మా."

"అయ్యేటట్టు చెప్పు మరి!"

వరంగల్ స్టేషన్ బయట, ఆటోవాళ్ళు బేరాలు మానేసి మా మొహాలు చూస్తుండగా నా మనవరాలితో జరిగిన మొదటి మాటలు ఇవి. చాలా నెలల తర్వాత చూశాను దాన్ని. బాగున్నావా అని అది అడగలేదు, నేనూ అడగలేదు. బాగాలేదని చూడగానే తెలిసింది. చున్నీ కింద భుజం ఎముకలు లేచి ఉన్నాయి. కళ్ళ కింద మసి పూసినట్టుంది.

మాది డోర్నకల్ పక్క పల్లె. నేను చదివింది నాలుగో తరగతి దాకా. ఆ తర్వాత అంతా మిరపచేలు, పత్తిచేలు. చదివిన ఆ కాస్త బైబిలు చదువుకోవడానికీ, బస్సుల మీద ఊరిపేర్లు చూసుకోవడానికీ పనికొచ్చింది. తిరిగి వచ్చాక మా చర్చి ఆడవాళ్ళు "వరంగల్ ఎట్లుంది, ఏం చూసినవు" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే నోటితో చెప్పలేక ఇది రాస్తున్నాను. కోట చూశావా, వేయి స్తంభాల గుడి చూశావా అని మాత్రం అడగకండి. చూడలేదు. నేను పోయిన పని వేరు.

షారోను మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి పిల్ల. మడికొండలో ఒక కంప్యూటరు కంపెనీలో పని. అక్కడ చేరిన కొన్నాళ్ళకే తల్లికి ఫోన్ చేసి ఏడవడం మొదలుపెట్టిందట. నిద్ర పట్టదట. డాక్టరు గోళీలు రాశాడట. ఒకరోజు మానేసి వస్తానంటుంది, మర్నాడు రానంటుంది. నా కూతురు అంగన్‌వాడీ టీచరు. దానికి సెలవు దొరక్క, "నువ్వు పోయి చూడమ్మా. ఉండగలిగితే ఉండనీ. లేకుంటె నీ వెంట తోలుకొనిరా" అంది. తోలుకొని రావడం సులువే. ఒకసారి వస్తే మళ్ళీ పంపడం కుదరదని నాకూ తెలుసు, దానికీ తెలుసు. మేకలను మా ముసలాయనకు అప్పజెప్పి బయల్దేరాను.

రైలులో

ప్యాసింజరు బండిలో కూర్చోను చోటు దొరికింది కానీ నాకు కూర్చోబుద్ధి కాలేదు. మహబూబాబాదులో లేచి తలుపు దాకా పోయాను. కేసముద్రంలో మళ్ళీ లేచాను. ఎదుట కూర్చున్న ఆమె, ఒళ్ళో కూరగాయల గంప పెట్టుకొని, "ఏందమ్మా, నువ్వు లేచి నిలబడితె బండి తొందరగ పోతదా?" అంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. అయినా కూర్చున్నాను.

నెక్కొండలో కాల్చిన మక్కకంకులు వచ్చాయి. ఒక్క కంకి ఇరవై అన్నాడు. పదికి ఇమ్మన్నాను. "కంకి అడుగుతానవా, చెలక అడుగుతానవా అమ్మా?" అన్నాడు వాడు. ఇరవై రూపాయలు పెట్టి మన చేనిలో పండేదాన్ని కొనే తెలివి నాకు లేదు. మూట విప్పి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నాను. గంపామెకు ఒక తునక ఇచ్చాను. నన్ను ఎగతాళి చేసిన నోటితోనే బాగుందని చెప్పి తినింది.

కాశిబుగ్గ

స్టేషన్ ముందు మా గొడవ తెగలేదు. తెగకుండానే ఆటో ఎక్కాం. నేను కాశిబుగ్గకు పోనిమ్మన్నాను. పిల్ల పడుకోవడానికి పలుచటి చాప తప్ప ఏమీ లేదని విన్నాను, మంచి జంపఖానా ఒకటి కొనాలి.

"ఫోన్ల బుక్ చేస్తె ఇంటికే వస్తది కదనే."

"ముట్టి చూడకుంట బట్ట కొంటరా ఎవలన్నా?"

మగ్గం ఆడుతున్న ఇల్లు వెతుక్కుంటూ గల్లీలు తిరిగాం. ఇదివరకు ప్రతి గడప లోపలా చప్పుడు వినబడేదట. ఇప్పుడు చెవి పెట్టి వెతకాలి. దొరికిన ఇంట్లో మగడు నేస్తున్నాడు, భార్య జంపఖానాలు పరిచి చూపింది. నీలం చారలది నాకు నచ్చింది. ధర నచ్చలేదు. బేరం సాగుతుండగా ఆమె షారోనును ఎక్కడ పనిచేస్తావని అడిగింది.

"మడికొండల ఆంటీ."

"మా పిలగాడు సుత అక్కడ్నే! ఆఫీసుల వాళ్ళ నాయినది టెక్స్‌టైల్ బిజినెస్ అని చెప్పుకున్నడట. మొన్న వాని దోస్తు ఇంటికొచ్చి మగ్గం చూసి నోరు తెరిసిండు. గిదేనారా బిజినెస్ అని!"

ఆమె పడీ పడీ నవ్వింది. మగ్గం మీది మగడు నవ్వలేదు. ఆపిన చెయ్యి మళ్ళీ ఆడించాడు. షారోను ఫోను చూసుకుంటూ గడప బయట నిలబడింది. నేను అడిగినంతకు ఆమె దిగకపోయినా సగం దాకా దిగింది. కొన్నాను.

మడికొండ

కాజీపేట దాటి మడికొండ చేరేసరికి సాయంత్రమైంది. కొత్త ఇండ్లు. అన్నిటికీ ఒకటే రంగు, ఒకటే గేటు, మెట్ల కింద ఒకటే స్కూటీ. సగం గేట్లకు కిరాయికి ఇస్తామనే బోర్డులు. మా ఊళ్ళో ఇల్లు కిరాయికి ఇవ్వడమనే మాటే లేదు. ఎవరైనా పరాయివాళ్ళు వస్తే వసారాలో ఉంటారు, పోతారు.

ఇంటామె పేరు సరోజన. కింద ఉంటుంది, పైన ఒక గది వేసి కిరాయికిచ్చింది. గడప కడిగి ముగ్గు వేసిన ఇల్లు, తోమి బోర్లించిన గిన్నెలు. శుభ్రమైన మనిషి అని నాకు నచ్చింది. నన్ను చూడగానే ఆమె గొంతు మెత్తబడింది. "మెల్లగ ఎక్కు పెద్దమ్మా మెట్లు. తడి ఉన్నయి" అని చెయ్యి పట్టుకుంది. ఇంత మంచి మనిషి దగ్గర పేరు దాచడమేమిటని నాకు ఇంకా కోపం వచ్చింది.

పైన దానితో ఉండే పిల్ల శ్రావణి. నర్సంపేట వైపు రైతుల బిడ్డ, హిందువులు. నా మూట లాక్కొని, "అమ్మమ్మా, తినేటియి ఏం తెచ్చినవే?" అంది. పేరు సంగతి నిలదీస్తే అదే చెప్పింది.

"ఈ రూముకు ముందు ఎన్ని ఇండ్లు తిరిగినమో తెలుసా? గేటు కాడ్నే 'మీరేమిట్లు, ఏం కులం' అని అడుగుతరు. షారోనని చెప్పంగనే 'ఇప్పుడే వేరెటోళ్ళకు ఇచ్చినం బిడ్డా' అంటరు. బోర్డు మాత్రం అట్లనే వేలాడుతది. గందుకే ఇక్కడ దీన్ని మాట్లాడనియ్యలె. ఇద్దరం రైతుల పిల్లలం, ఈమె పేరు ప్రియ అని నేనే చెప్పిన."

"అబద్ధమాడినవు."

"సగమే ఆడిన అమ్మమ్మా. మీకు పొలమున్నది కదా!"

మా ఇంట్లో అన్నానికి ముందు పాట పాడి, గొంతెత్తి ప్రార్థన చేస్తాం. ఇక్కడ షారోను కిటికీ మూసింది, తలుపు మూసింది, ఫోనులో ఏదో సినిమా పాట పెట్టింది. "ఇగ చేసుకో, మెల్లగ" అంది. ఆ పాట కింద నా ప్రార్థన నాకే వినబడలేదు. పిల్ల రెండు ముద్దలు తిని కంచం జరిపింది. ఆ రాత్రి నాకు ఎప్పుడు మెలకువ వచ్చినా దాని ఫోను వెలుగు గోడ మీద కనబడింది.

ఐటీ పార్కు గేటు

మర్నాడు ఇద్దరూ పనికి పోయాక గది ఊడ్చాను, బట్టలు ఉతికాను, గోడకేసి చూస్తూ కూర్చున్నాను. కూర్చోలేక లేచి, ఆ ఆఫీసేదో చూద్దామని నడుస్తూ పోయాను. అన్నీ ఒక్కలాంటి ఇండ్లు కదా, తిరిగి తిరిగి సరోజన గేటు ముందుకే రెండుసార్లు వచ్చాను. చివరికి పాలప్యాకెట్లు వేసే ఆయన దారి చూపాడు.

గేటు దగ్గర కాపలా ఆయన, "ఎవలు కావాలమ్మా?" అన్నాడు.

"నా మనవరాలు లోపట పనిచేస్తాంది. ఓసారి చూసి పోత."

"కార్డు లేంది పోనియ్యరు."

"నేనేమన్న పని అడుగుతాననా? చూసి పోత అంటాన."

"నేను కూడ ఇంతవరకు లోపట చూడలేదమ్మా" అన్నాడు. అతని మీద జాలేసి ఎదురుగా టీ బండి దగ్గర కూర్చున్నాను. టీ పదిహేను రూపాయలు. కప్పు నా బొటనవేలంత ఉంది.

మధ్యాహ్నం పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. నావాళ్ళిద్దరూ నన్ను చూసి ఉరికి వచ్చారు. అంతలో ఎవరో అబ్బాయి "షారోన్!" అని పిలిచి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఇది నవ్వి, రెండే మాటలు ఇంగ్లీషులో చెప్పింది. అతను అటు తిరగగానే ఆ నవ్వు దీపం ఊదినట్టు ఆరిపోయింది. శ్రావణి ఇంకొకామెతో, "లేదండీ, ఇప్పుడే వచ్చేస్తామండీ" అంటోంది.

"ఎవల మాటనే అది? నీది కాదు" అన్నాను.

"ఆఫీసు మాట అమ్మమ్మా. నా మాట మాట్లాడితె 'మళ్ళొకసారి అనవా' అని అడిగి మరీ నవ్వుతరు. మా అమ్మతోటి ఫోన్ల మాట్లాడాల్నంటె మెట్ల కిందికి పోత."

నేను షారోను వైపు చూశాను. "మరి నీ ఫికరేంది? ఇక్కడ నీ పేరు నీకున్నది కదా."

"పేరు చూసి నేను పుట్టుడే ఇంగ్లీష్ మీడియం అనుకుంటరు. మనూరి సర్కారు బడి అంటె నమ్మరు. ఇక్కడ పేరుకు తగ్గట్టుండాలె. ఆ ఇంట్ల పేరే ఉండొద్దు. ఎక్కడ జర కాళ్ళు చాపుకొని కూసుందునే?"

"మరి గంత నవ్వుడెందుకు?"

"నవ్వకపోతె ఏమైంది, ఏమైంది అని అడుగుతరు."

మా చేలల్లో కూలికి వచ్చే ఆడపిల్లలు మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడరు. ఎవరూ ఏమైందని అడగరు, వరుస తప్పకుంటే చాలు. నడుం విరిగే పని. కానీ ఇంటికి పోయి పడితే పొద్దు పొడిచేదాకా లేవరు. ఈ పిల్లలు చల్లటి గదిలో కూర్చొని పనిచేసి ఇంత అలిసిపోవడం నాకు ఆ టీ బండి దగ్గరే కొంచెం అర్థమైంది. కొంచెమే.

శుక్రవారం

శుక్రవారం పొద్దున స్నానాలగదిలో ఏదో మురిగిన వాసన వేసింది. బకెట్లు జరిపితే మూలలో ఒక కవరు. విప్పితే నానబోసిన శనగలు. మొలకలు వచ్చి, బూజు పట్టి, జిగురు కారుతున్నాయి. తిండి గింజను ఇట్లా చేసినందుకు నాకు ఒళ్ళు మండింది.

"ఎవల పనే ఇది?"

షారోను తల వంచుకుంది. శ్రావణి అందుకుంది. శ్రావణమాసం కదా, శుక్రవారం సాయంత్రం సరోజన పూజ చేసి, చుట్టుపక్కల ముత్తయిదువలనూ ఆడపిల్లలనూ పిలిచి, బొట్టు పెట్టి, తమలపాకులతో నానిన శనగలు చేతిలో పెడుతుందట. పోయిన వారం వీళ్ళిద్దరికీ ఇచ్చింది.

"పూజల పెట్టినయి నాకు గొంతు దిగయి అమ్మమ్మా" అంది షారోను. "బయట పారేస్తె ఆంటీ చూస్తది. గందుకే ఆడ పెట్టి మర్సిన."

"నాకిస్తె నేను తినకపోదునా? నాకు సుత చెప్పలె" అంది శ్రావణి. "బొట్టు పెట్టుకున్న రోజైతె పైకొచ్చి నల్లా తిప్పి నీళ్ళ కింద తల పెట్టి రుద్దుడే రుద్దుడు. మర్నాటిదాక నొసలు ఎర్రగ కందింది."

"పెట్టుకుంటె పెట్టుకో. వద్దనుకుంటె వద్దని చెప్పు. ఈ దాసుడు, ఈ రుద్దుడేందే?" అన్నాను.

"చెప్తె రూము పోతది."

"పోతె?"

"ఇగ నాతోని కాదు అమ్మమ్మా. ఇండ్లెంబడి మళ్ళ తిరుగుడు నాతోని కాదు. ఈ రూము పోయిన్నాడు నేను నీ ఎంట ఇంటికే వస్త."

అంత పట్టుదలగా అది మాట్లాడడం వచ్చినప్పటి నుంచీ అదే మొదలు. సరే, నా నోటి వల్ల నీ గది పోదని మాట ఇచ్చాను. షారోను అనే పేరు నోటికి రాకుండా ఆ రోజంతా దాన్ని "పోరీ" అనే పిలిచాను.

సాయంత్రం సరోజన నన్ను కూడా కిందికి పిలిచింది. ఎనిమిదీ పదిమంది ఆడవాళ్ళు చాప మీద కూర్చున్నారు. నాకు మాత్రం గోడ పక్కన కుర్చీ వేసింది. పెద్దదాన్నని గౌరవించింది అనుకున్నాను. ఒక్కొక్కరికీ కాళ్ళకు పసుపు పూస్తూ, మెడకు గంధం రాస్తూ, నుదుట బొట్టు పెడుతూ వచ్చింది. నా కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం పక్కకు తిప్పి దాటిపోయింది. దేవుడే కాపాడాడు, వద్దని చెప్పే పని తప్పింది అనుకున్నాను. షారోను వంతు ఇంకా రాలేదు, చాప చివర శ్రావణి పక్కన ముడుచుకొని కూర్చుంది.

పక్కింటామె ఒకామె, వయసు మళ్ళిన మనిషి, నా మోకాలు మీద చెయ్యి వేసి జాలిగా అడిగింది. "పెద్దమ్మా, మీ ఆయన కాలం చేసి ఎన్నేండ్లయితాంది?"

ఇంటి నుంచి ఏదైనా కబురు వీళ్ళకు ముందు తెలిసిందేమో అనిపించింది.

"కాలం చేసుడేంది బిడ్డా! పొద్దుగాలనే ఫోన్ చేసి, మేకలు తన మాట వింటలేవని నన్ను తిట్టిండు. మంచిగనే ఉన్నడు!"

పదిమందీ నా ఉత్త నుదురు వంక చూశారు. గాజులు లేని చేతుల వంక చూశారు. తాళి నా రవికె లోపల ఉంటుంది, గాజులు పనికి అడ్డమని నేను వేసుకోను. మా పల్లెలో నన్ను చూసి విధవరాలని అనుకునేవాళ్ళు ఒక్కరూ ఉండరు. మెట్ల దగ్గర సరోజన గొంతు ఎందుకు మెత్తబడిందో, కుర్చీ ఎందుకు వేసిందో నాకు అప్పుడు తెలిసింది.

పక్కింటామె మెల్లగా, "అయితె మీరు కిరస్తానోళ్ళా?" అంది.

దాచుతానని మాట ఇచ్చాను, నిజమే. కానీ మొహం మీద అడిగితే కాదనే నాలుక నాకు లేదు. "అవును" అన్నాను.

సరోజన పళ్ళెం పట్టుకొని షారోను వైపు తిరిగింది. "నువ్వు సుతనా?"

షారోను లేచి నిలబడింది. "అవునాంటీ."

"ఆంటీ, చెప్పింది నేను..." అంటూ శ్రావణి కూడా లేచింది.

"పోయిన వారం నేను బొట్టు పెడ్తాంటె నొసలు ముందుకు పెట్టినవు కదనే" అంది సరోజన. తిట్టినట్టు లేదు. దెబ్బ తగిలిన మనిషి మాటలా ఉంది. "పైకి పొండ్రి. పొద్దుగాల మాట్లాడుదాం."

పైన గదిలోకి రాగానే నేను షారోను సంచి అందుకొని దాని బట్టలు మడవడం మొదలుపెట్టాను. "సదురుకో. రేపు బండికి పోదాం" అన్నాను. తిరిగి చూస్తే షారోను కొత్త జంపఖానా మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని ఊగిపోతోంది. ఏడుస్తోంది అనుకొని దగ్గరికి పోయాను. నవ్వుతోంది.

"తాతను సంపేసిండ్రు కదనే అమ్మమ్మా!"

"మేకల తోటి మాట్లాడిపియ్యకపోతివి, నమ్మేటోళ్ళు!" అంది శ్రావణి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నవ్వీ నవ్వీ అది ఏడ్చింది. నేను సంచి కట్టడం ఆపలేదు.

"కట్టకే. నేను రాను" అంది.

"రూము పోతె వస్తనంటివి కదా?"

"అన్న. పొద్దుగాల అన్న." చున్నీతో ముక్కు తుడుచుకుంది. "ఎప్పుడు తెలుస్తదో, ఎట్ల తెలుస్తదో అని దినాం ఇదే. తలుపు సప్పుడైతె ఇదే. ఇగ తెలిసిపాయె. అందరి ముంగట తెలిసిపాయె, నేను సావలే. ఇగ దేనికి భయపడాలె?"

"ఇండ్లెంబడి మళ్ళ తిరుగుతవా?"

"తిరుగుత. ఈసారి నేనే మాట్లాడుత, ఇది కాదు."

"అబ్బో, నేను మాట్లాడితె ఏమైందే? రూము దొరకలేదా?" అంది శ్రావణి.

నాకు నమ్మకం కలగలేదు. పిల్లలు నవ్విన గడియలో ఒకటి అంటారు, తెల్లవారితే ఇంకొకటి అంటారు. సంచి ముడి వేసి తలుపు పక్కన పెట్టాను. ఆ పూట కిటికీ తెరిచే ఉంది. ఎవరూ మూయలేదు. నేను మాత్రం, కింద ఆమె మనసు నొచ్చి ఉందని, మెల్లగానే ప్రార్థన చేశాను.

శనివారం పొద్దున

సరోజన మెట్లెక్కి వచ్చేసరికి నేను గడపలో కూర్చొని ఉన్నాను. శ్రావణి పళ్ళు తోముతోంది. శనివారం వాళ్ళకు సెలవు. షారోను నోరు తెరుచుకొని, ఒక కాలు జంపఖానా బయటికి చాపి నిద్రపోతోంది. లేపమంటావా అని శ్రావణి సైగ చేసింది. వద్దన్నాను.

సరోజన లోపలికి తొంగి చూసి గొంతు తగ్గించింది. "నెల ఆఖరుకు రూము ఇడిసిపెట్టమను పెద్దమ్మా. కిరస్తానోళ్ళని కాదు. నాతోని అబద్ధమాడిండ్రని."

అది నిజమో, కాదో నాకు తెలియదు. ఆమెకైనా తెలుసో లేదో.

"శ్రావణీ, నువ్వు కావాల్నంటె ఉండు" అంది.

శ్రావణి నోట్లో నురుగు ఉమ్మి వచ్చింది. "అబద్ధమాడింది నేనాంటీ. నన్నుండుమనుడేంది?"

సరోజన నా వైపు చూసి, "కుర్చేసి కూసోపెట్టిన, తప్పువట్టకు పెద్దమ్మా" అని కిందికి దిగిపోయింది.

ఎండ గదిలోకి వచ్చాక షారోను లేచింది. శ్రావణి చెప్పింది విని "సరే" అంది. బండి మీద ఇడ్లీ తెప్పించుకొని తిన్నారు. కాజీపేటలో ఎవరో ఆఫీసు పిల్ల ఒక గది ఉందని చెప్పిందట, ముగ్గురం ఒకే ఆటోలో పోయాం. నన్ను అక్కడి స్టేషన్ దగ్గర దించి, వాళ్ళు గది చూడటానికి అదే ఆటోలో ముందుకు పోయారు. నేను నా మూట తీసుకొని, డోర్నకల్‌కు ఒక్క టికెట్టే అడిగాను.